ధ్రువం మీద వేసవిలోనే ఎక్కువ చలి: మా అమ్మాయి గీసిన గ్రాఫు తప్పా?

కొర్లగుంట సైకిల్‌షాపు · శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తిరుపతిలో నాకు చిన్న సైకిల్ షాపు ఉంది. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. కాలేజీలో ప్రాజెక్టు చేయమంటే, ధ్రువాల మీద నేల నుంచి 100 కిలోమీటర్ల ఎత్తు దాకా వాతావరణం ఎంత వేడిగా, ఎంత చల్లగా ఉంటుందన్న అంశం ఎంచుకుంది. పది రోజులు కూర్చుని చార్టు మీద రెండు గీతలు గీసింది. ఎర్ర గీత వేసవిది, నీలం గీత శీతాకాలానిది.

50 కిలోమీటర్ల దాకా అంతా మనం అనుకున్నట్టే ఉంది, ఎర్ర గీతే వెచ్చన. 60 దాటాక రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటుకున్నాయి. 88 కిలోమీటర్ల దగ్గర వేసవి గీత మైనస్ 143 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. అదే ఎత్తులో శీతాకాలం గీత మైనస్ 70 దగ్గర ఉంది.

లెక్చరర్ గారు ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, "వేసవి, శీతాకాలం తారుమారయ్యాయి, మళ్లీ గీయాలి" అని రాశారు. అమ్మాయి మూడు చోట్ల సరిచూసుకున్నానని అంటోంది. రాత్రి అన్నం దగ్గర ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆరు నెలలు సూర్యుడు అస్తమించని చోట వేసవిలో ఎక్కువ చలి ఎలా ఉంటుంది? తెలిసినవాళ్లు చెప్పండి. తప్పయితే తప్పనే చెప్పండి, దిద్దుకుంటుంది.

పాకాల జంక్షన్ · శుక్రవారం, రాత్రి 10:15

అన్నా, ముందు అమ్మాయికి చెప్పండి: ఆ గ్రాఫు నూటికి నూరు పాళ్లు సరైనది. రెండు గీతలూ సరిగ్గా ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. ఆ మైనస్ 143 అచ్చుతప్పు కాదు. భూమి వాతావరణం మొత్తంలో సహజంగా అంత చల్లటి చోటు మరొకటి లేదు, అది ఉండేది ధ్రువ ప్రాంతపు వేసవిలోనే. 50 కిలోమీటర్ల పైన మొదలయ్యే పొరను మీసో ఆవరణం అంటారు, అది ముగిసే ఆ పైఅంచును మీసోపాజ్ అంటారు.

నేను చాలా ఏళ్లు వాతావరణ పరిశోధనలో పనిచేశాను. ఈ విషయం మొదటిసారి విన్నప్పుడు నేనూ నమ్మలేదు. వివరంగా రేపు ఉదయం రాస్తాను. ఈ రాత్రికి ఆమెను నిశ్చింతగా పడుకోమనండి.

చంద్రగిరి కోట · శుక్రవారం, రాత్రి 10:52

నాకు ఒక మౌలికమైన సందేహం. 88 కిలోమీటర్ల ఎత్తులో గాలే లేనట్టు కదా. పీడనం నేల మీద ఉన్నదానిలో లక్షో వంతు కూడా ఉండదు. లేని గాలికి ఉష్ణోగ్రత ఏమిటి? థర్మామీటరు ఎక్కడ పెట్టి చూశారు? ఇంజనీరుగా ముప్పై ఏళ్లు పనిచేశాను. కొలిచిన పద్ధతి తెలియకుండా అంకెను ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు.

నీలిమేఘం · శుక్రవారం, రాత్రి 11:20

కోట గారూ, మంచి ప్రశ్న. నేను తిరుపతిలోనే ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను, నాకు తెలిసింది చెబుతాను.

ఆ ఎత్తులో గాలి చాలా పలచన, నిజమే. అయినా ఒక అణువు మరో అణువును ఢీకొనేలోపు సగటున సెంటీమీటరు దూరమే ప్రయాణిస్తుంది. కాబట్టి అవి క్షణక్షణం ఢీకొంటూనే ఉంటాయి, శక్తి పంచుకుంటూనే ఉంటాయి. ఉష్ణోగ్రత అన్న మాటకు అర్థం ఉండటానికి అది చాలు.

ఇక కొలిచిన పద్ధతి. నార్వేలో 69 డిగ్రీల అక్షాంశం మీద అండోయా అనే రాకెట్ కేంద్రం ఉంది. అక్కడి నుంచి రాకెట్ పంపి, 100 కిలోమీటర్లు దాటాక మీటరు వ్యాసం ఉన్న పలుచటి బెలూన్ బంతిని వదులుతారు. అది పడుతున్నప్పుడు గాలి దాన్ని ఎంత అడ్డుకుంటుందో కింద నుంచి రాడార్‌తో చూస్తారు. దాన్నుంచి సాంద్రత, సాంద్రత నుంచి ఉష్ణోగ్రత లెక్క కడతారు. లేజర్ కాంతితో కొలిచే లిడార్ పద్ధతి వేరే ఉంది, ఉపగ్రహాలు వేరే ఉన్నాయి. అన్నీ ఒకే మాట చెబుతున్నాయి.

చంద్రగిరి కోట · శుక్రవారం, రాత్రి 11:31

బంతి పద్ధతి నచ్చింది. అంకెను ఒప్పుకుంటున్నాను. ఇక కారణం కావాలి.

పాకాల జంక్షన్ · శనివారం, ఉదయం 6:50

కాఫీ తాగి కూర్చున్నాను, కాస్త పొడవుగానే రాస్తాను.

ముందు సూర్యుడి లెక్క. జూన్ మూడో వారంలో ఉత్తర ధ్రువం మీద వాతావరణం పైభాగానికి రోజు మొత్తంలో అందే సూర్యశక్తి, భూమధ్యరేఖ మీద అందేదానికన్నా ఎక్కువ. ఏటవాలుగా పడినా ఇరవై నాలుగు గంటలూ పడుతుంది కాబట్టి. దీని ఫలితం 50 కిలోమీటర్ల దగ్గర చక్కగా కనిపిస్తుంది. అక్కడ ఓజోన్ ఆ అతినీలలోహిత కాంతిని మింగి వేడెక్కుతుంది. వేసవి ధ్రువం మీద ఆ ఎత్తులో ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలు దాటుతుంది. అంటే అమ్మాయి ఎర్ర గీత కింది సగాన్ని నడిపేది ఎండ.

పై సగాన్ని నడిపేది ఎండ కాదు, గాలి కదలిక. వేసవి ధ్రువం మీద గాలి మెల్లగా పైకి లేస్తుంది. పైకి లేచిన గాలి మీద ఒత్తిడి తగ్గుతుంది, అది వ్యాకోచిస్తుంది, వ్యాకోచిస్తే చల్లబడుతుంది. కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు. లేచే వేగం సెకనుకు కొన్ని సెంటీమీటర్లే, గోడ మీద చీమ పాకినంత. కానీ సెకనుకు 3 సెంటీమీటర్లు వేసుకున్నా రోజుకు రెండున్నర కిలోమీటర్లు అవుతుంది. అంటే రోజుకు పాతిక డిగ్రీలు చల్లబరిచే బలం. ఎండ వెనక్కి లాగుతూనే ఉంటుంది కానీ గెలవలేదు.

పైకి లేచిన ఆ గాలి వేసవి ధ్రువం నుంచి భూమధ్యరేఖ మీదుగా ప్రయాణించి శీతాకాలపు ధ్రువం మీద కిందికి దిగుతుంది. దిగే గాలి నొక్కుకుపోతుంది, వేడెక్కుతుంది. అందుకే అక్కడ నెలల తరబడి చీకటి ఉన్నా నీలం గీత మైనస్ 70 దగ్గరే నిలబడింది.

బంగారుపాళ్యం తోట · శనివారం, ఉదయం 7:35

నేను మామిడి రైతును. వ్యాకోచిస్తే చల్లబడటం అంటే వంటగ్యాస్ సిలిండరు ఎక్కువసేపు వాడితే బయట చెమట పట్టినట్టు తడి వస్తుంది, అదేనా?

పాకాల జంక్షన్ · శనివారం, ఉదయం 7:48

దగ్గరి పోలికే కానీ అది వేరు. సిలిండరు లోపల గ్యాస్ ద్రవరూపంలో ఉంటుంది. అది ఆవిరి కావడానికి సిలిండరు గోడల నుంచి వేడి తీసుకుంటుంది, అందుకే చల్లబడుతుంది. కుండలో నీళ్లు చల్లబడే పద్ధతి అది. మనకు కావలసిన ఉదాహరణ సైకిల్ షాపులోనే ఉంది. ట్యూబులో గాలి బాగా కొట్టి, వాల్వు పిన్ను నొక్కి ఆ గాలి దారిలో వేలు పెట్టండి. తర్వాత పంపు అడుగుభాగం పట్టుకుని చూడండి.

కొర్లగుంట సైకిల్‌షాపు · శనివారం, మధ్యాహ్నం 1:10

ఇప్పుడే చేశాం. అమ్మాయి షాపుకు వచ్చింది. పెద్ద టైరు ట్యూబు ఒకటి గట్టిగా నింపాను. పంపు కింది గొట్టం ముట్టుకుంటే వేడిగా ఉంది. ఇరవై ఏళ్లుగా రోజూ ముట్టుకుంటున్నాను, పిస్టన్ రాపిడి వల్లే అనుకునేవాణ్ణి. తర్వాత అమ్మాయి వాల్వు నొక్కి చెయ్యి పెట్టింది. గాలి చల్లగా వచ్చి గోళ్ల దగ్గర జివ్వుమంది అని చెప్పింది. "నాన్నా, పంపు శీతాకాలం ధ్రువం, వాల్వు వేసవి ధ్రువం" అంది.

రాపిడి పాత్ర కూడా ఉందా, లేక అంతా నొక్కడం వల్లేనా?

పాకాల జంక్షన్ · శనివారం, మధ్యాహ్నం 1:40

రాపిడి కొంత ఉంటుంది. కానీ ఎక్కువ వేడి గాలిని నొక్కడం వల్ల వచ్చేదే. పంపు అడుగున, గాలి బాగా నొక్కుకుపోయే చోటే వేడి ఎక్కువగా తెలియడం దానికి గుర్తు. అమ్మాయి చెప్పిన పోలిక చాలా బాగుంది, చార్టు మీద రాయమనండి.

నీలిమేఘం · శనివారం, సాయంత్రం 4:25

జంక్షన్ గారూ, అసలు ముడి ఇంకా విప్పలేదు. గాలి వేసవి ధ్రువం మీద ఎందుకు లేవాలి? దాన్ని లాగేది ఎవరు? మా క్లాసులో ఇక్కడే అందరం ఆగిపోయాం.

పాకాల జంక్షన్ · శనివారం, రాత్రి 8:30

చెబుతాను. ఈ భాగం అంటే నాకు ప్రాణం.

శేషాచలం కొండల మీద గాలి అడ్డంగా వీచినప్పుడు కొండ దాటిన గాలి ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఊగుతుంది. మే నెల సాయంత్రం పిడుగులతో పెద్ద మబ్బు లేచినా అంతే, చుట్టూ గాలి ఊగుతుంది. ఈ ఊపులు అలలుగా పైకి ప్రయాణిస్తాయి. వీటిని గురుత్వ తరంగాలు అంటారు. ఐన్‌స్టీన్ చెప్పిన గురుత్వాకర్షణ తరంగాలు వేరు, దయచేసి కలపకండి, ఈ పొరపాటు పుస్తకాల్లో కూడా చూశాను.

అల పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. మోస్తున్న శక్తి అదే, మోసే గాలి తక్కువ, కాబట్టి ఊపు పెరుగుతుంది. 85 కిలోమీటర్లకు సాంద్రత లక్ష రెట్లకు పైగా తగ్గుతుంది. అల మధ్యలో చెదరకపోతే ఊపు కొన్ని వందల రెట్లు కావాలి. అంత ఊపును గాలి భరించలేదు. మైపాడు తీరంలో అల ఒడ్డుకు వచ్చేసరికి పెరిగి విరిగిపోతుంది చూశారా, అలాగే ఇదీ విరుగుతుంది. విరిగినప్పుడు మోసుకొచ్చిన తోపును అక్కడి గాలికి ఇచ్చేస్తుంది.

ఏ దిక్కు తోపు? దాన్ని స్ట్రాటో ఆవరణంలోని, అంటే మీసో ఆవరణానికి కింద ఉన్న పొరలోని గాలులు నిర్ణయిస్తాయి. వేసవిలో అక్కడ గాలి తూర్పు నుంచి పడమరకు వీస్తుంది. పడమరకు పోయే అలలు ఆ గాలిలోనే చిక్కి ఆగిపోతాయి. తూర్పుకు పోయే అలలు మాత్రం దాటి పైకి చేరతాయి. అవి విరిగి గాలిని తూర్పుకు తోస్తాయి. తిరిగే భూమి మీద ఉత్తరార్ధంలో కదిలే గాలి కుడివైపుకు మళ్లుతుంది, తూర్పుకు కుడివైపు దక్షిణం. అంటే గాలి ధ్రువం నుంచి భూమధ్యరేఖ వైపు తరలిపోతుంది. ఖాళీ అయిన చోటికి కింద నుంచి గాలి లేస్తుంది. శీతాకాలంలో స్ట్రాటో ఆవరణపు గాలి దిక్కు మారి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. అప్పుడు అంతా తిరగబడి గాలి ధ్రువం వైపు చేరి కిందికి దిగుతుంది.

ఎక్కడో కొండల మీద, ఉరుముల మబ్బుల్లో పుట్టిన ఊపులు అంత ఎత్తుకు పోయి ధ్రువం మీద ఎండను ఓడిస్తున్నాయి. ముప్పై ఏళ్లయినా ఈ మాట రాస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది.

చంద్రగిరి కోట · శనివారం, రాత్రి 9:05

రెండుసార్లు చదివాను. కాగితం మీద దిక్కులు గీసి సరిచూసుకున్నాను. దక్షిణార్ధంలో మళ్లింపు ఎడమవైపుకు కాబట్టి తూర్పు తోపుకు గాలి ఉత్తరానికి, అంటే మళ్లీ భూమధ్యరేఖ వైపే పోతుంది. సరిపోయింది. ధన్యవాదాలు.

పలమనేరు టీచరు · ఆదివారం, ఉదయం 8:15

నేను హైస్కూలులో సైన్స్ చెబుతాను. ఇది చదువుతుంటే పిల్లలకు చెప్పగలిగే సాక్ష్యం ఒకటి గుర్తొచ్చింది. రాకెట్లు పుట్టకముందే ఈ చలిని మనుషులు కళ్లతో చూశారు.

1883లో క్రకటోవా అగ్నిపర్వతం బద్దలైన తర్వాత సాయంకాలపు ఆకాశాలను చాలామంది శ్రద్ధగా చూడటం మొదలుపెట్టారు. 1885 వేసవిలో యూరప్‌లో కొందరు సూర్యాస్తమయం అయ్యాక చాలాసేపటికి, ఉత్తరం దిక్కున నీలి వెండి రంగులో మెరిసే మేఘాలను గమనించారు. బెర్లిన్‌లో ఒట్టో జెస్సె అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు రెండు వేర్వేరు చోట్ల నుంచి ఫోటోలు తీయించి, వాటి ఎత్తు 82 కిలోమీటర్లని లెక్క తేల్చాడు. మామూలు వాన మబ్బులు 15 కిలోమీటర్లు దాటడమే గొప్ప.

అవి మంచు స్ఫటికాలు. ఆ ఎత్తులో నీటి ఆవిరి పది లక్షల పాళ్లలో కొన్ని పాళ్లే. అంత పొడిగాలిలో మంచు కట్టాలంటే మైనస్ 120 కన్నా దిగువ చలి ఉండాలి. అవి వేసవిలోనే కనిపిస్తాయి, శీతాకాలంలో కనిపించవు. అమ్మాయి చార్టులో ఒక మూల ఈ మేఘాన్ని గీస్తే లెక్చరర్ గారికి ఇక చెప్పాల్సింది ఉండదు. తెలుగులో వీటిని నిశామేఘాలు అనవచ్చు. తిరుపతి నుంచి మాత్రం కనిపించవు, 50 డిగ్రీల అక్షాంశం దాటి వెళ్లాలి.

నీలిమేఘం · ఆదివారం, ఉదయం 9:40

టీచరు గారూ, దీనికి మన గాదంకితో చుట్టరికం ఉంది!

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది కదా. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ (నేల దగ్గరి పొర నుంచి మీసో ఆవరణం దాకా గాలిని చూసే రాడార్) 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. 1024 యాగీ యాంటెన్నాలు వరసలుగా, చెరుకు తోట నాటినట్టు నిలబడి ఉంటాయి. కాలేజీ తరపున వెళ్లినప్పుడు ఆ వరసల పక్కన నిలబడ్డాను. ఏ చప్పుడూ లేదు, ఏదీ కదలదు, అయినా ఆ క్షణంలో అవి పైనున్న గాలితో మాట్లాడుతున్నాయి. రాత్రి పూట అక్కడి లిడార్ పచ్చటి లేజర్ గీతను నిట్టనిలువుగా ఆకాశంలోకి పంపుతుంది. తిరిగి వచ్చే కొద్దిపాటి కాంతితో 30 నుంచి 80 కిలోమీటర్ల దాకా ఉష్ణోగ్రత కడతారు.

ఇలాంటిదే 50 మెగాహెర్ట్జ్ రాడార్‌ను అలాస్కాలో పెట్టినప్పుడు, 1980 ప్రాంతంలో, వేసవిలో 80 నుంచి 90 కిలోమీటర్ల మధ్య నుంచి అనుకోనంత బలమైన ప్రతిధ్వనులు వచ్చాయి. కారణం ఆ మంచు రేణువులే. అవి విద్యుదావేశం పొంది చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లను తొందరగా చెదరనివ్వవు. మన గాదంకి మీద ఆ ఎత్తులో మంచు కట్టేంత చలి లేదు కాబట్టి అలాంటి ప్రతిధ్వని రాదు. మన దగ్గర ఆ ఎత్తుల్లో రుతువుల తేడా తక్కువ. ఏడాదికి రెండుసార్లు హెచ్చుతగ్గులయ్యే ఆరునెలల లయ కనిపిస్తుంది.

బంగారుపాళ్యం తోట · ఆదివారం, ఉదయం 11:00

అమ్మా నీలిమేఘం, ధ్రువం మీద జరిగేదానికి మన ఆకాశంలో ఏదైనా కదలిక ఉంటుందా? మా పూతకు, వానకు సంబంధం ఉందా అని అడుగుతున్నాను.

నీలిమేఘం · ఆదివారం, మధ్యాహ్నం 12:20

మీ పూతకు నేరుగా ముడిపెట్టి ఏమీ చెప్పను బాబాయ్. అలా చెప్పడం తప్పు. ఆకాశంలో కదలిక మాత్రం ఉంది.

ఉత్తర ధ్రువం మీద శీతాకాలంలో, 20 నుంచి 50 కిలోమీటర్ల మధ్య, చల్లటి గాలి ఒక పెద్ద సుడిలా తిరుగుతుంటుంది. కొన్నిసార్లు కింద నుంచి భారీ అలలు వచ్చి ఆ సుడిని చెదరగొడతాయి. గాలి ఒక్కసారిగా కిందికి దిగి, కొద్ది రోజుల్లోనే 30, 40, ఒక్కోసారి 50 డిగ్రీలు వేడెక్కుతుంది. 1952లో బెర్లిన్‌లో రిచర్డ్ షెర్హాగ్ బెలూన్ల కొలతల్లో దీన్ని మొదట పట్టుకున్నారు. ఇలా జరిగినప్పుడు దానికి బదులుగా ఉష్ణమండలంలో గాలి పైకి లేచి మన మీద స్ట్రాటో ఆవరణం కొంచెం చల్లబడుతుంది. ధ్రువం మీద కూడా, సుడి వేడెక్కుతుంటే దాని పైనున్న మీసో ఆవరణం చల్లబడుతుంది. యూరప్, ఉత్తర అమెరికాల్లో తర్వాతి వారాల్లో చలిగాలులు దక్షిణానికి దిగే అవకాశం పెరుగుతుంది.

దక్షిణ ధ్రువంలో ఇది అరుదు. అక్కడ చుట్టూ సముద్రం, పెద్ద అలలను పుట్టించే కొండలు, భూఖండాలు తక్కువ. సుడి పూర్తిగా చీలిపోయిన పెద్ద సంఘటన 2002 సెప్టెంబరులో ఒక్కసారే నమోదైంది. ఆ ఏడాది ఓజోన్ రంధ్రం కూడా రెండు ముక్కలైంది. మామూలు ఏళ్లలో ఆ సుడి లోపల చలి మైనస్ 78 దాటి పడిపోతుంది. అప్పుడు ఏర్పడే మేఘాల మీద జరిగే రసాయన చర్యల వల్లే వసంతంలో ఓజోన్ నాశనమవుతుంది.

కొర్లగుంట సైకిల్‌షాపు · ఆదివారం, రాత్రి 9:15

అమ్మాయి ఒక ప్రశ్న అడగమంది. ఇప్పుడు డిసెంబరు. అంటే ఈ వారం అన్నిటికన్నా చల్లటి చోటు దక్షిణ ధ్రువం మీద ఉన్నట్టేనా? అంటార్కిటికాలో మన వాళ్లు ఉన్నారు కదా, వాళ్లకు ఆ మేఘాలు కనిపిస్తాయా?

పాకాల జంక్షన్ · ఆదివారం, రాత్రి 9:50

అవును తల్లీ, ఇప్పుడు దక్షిణం వంతు. మన భారతి కేంద్రం 69 డిగ్రీల దక్షిణాన ఉంది, 2012లో మొదలైంది. ఈ వారం అక్కడ సూర్యుడు అస్తమించడు. వాళ్ల నెత్తి మీద 85 కిలోమీటర్ల పైన ఆ చలి ఉంది, మంచు మేఘమూ ఉండవచ్చు. కంటికి మాత్రం కనిపించదు, ఎందుకంటే ఆ మేఘాన్ని చూడాలంటే కింద చీకటి పడి పైన ఎండ తగలాలి. అస్తమించని ఎండలో అది తెలియదు. రాడార్‌కు, లేజర్‌కు తెలుస్తుంది.

కొర్లగుంట సైకిల్‌షాపు · మంగళవారం, సాయంత్రం 6:30

నిన్న అమ్మాయి చార్టుతో పాటు చేతిపంపు, చిన్న ట్యూబు కూడా కాలేజీకి తీసుకెళ్లింది. లెక్చరర్ గారు ముందు చార్టు చూశారట, తర్వాత వాల్వు దగ్గర వేలు పెట్టారట. ఎర్ర సిరా మీద తెల్ల కాగితం అంటించి సంతకం చేశారు. పక్కన మళ్లీ ఒక ప్రశ్న రాశారు: "100 కిలోమీటర్ల పైన కూడా వేసవే చల్లనా?" అమ్మాయి సమాధానం వెతుకుతోంది. మీరు నేరుగా చెప్పకుండా చిన్న ఆధారం ఇవ్వండి అంది.

పాకాల జంక్షన్ · మంగళవారం, రాత్రి 8:05

లెక్చరర్ గారికి నా నమస్కారాలు చెప్పండి. ఆధారం ఇది. అంత ఎత్తులో గురుత్వ తరంగాలు చాలావరకు విరిగిపోయి ఉంటాయి, చెప్పుకోదగ్గ తోపు మిగలదు. సూర్యుడి తీవ్ర అతినీలలోహిత కాంతి మాత్రం నేరుగా పడుతుంది. ఎవరు గెలుస్తారో ఆమెనే చెప్పమనండి. ఇంకొకటి: 2022 ఫిబ్రవరి మొదట్లో ఒక భూఅయస్కాంత తుఫాను (సూర్యుడి నుంచి వచ్చిన కణాల తాకిడికి భూమి అయస్కాంత క్షేత్రం కలత చెందడం) వచ్చి, మీసో ఆవరణానికి పైనున్న థర్మో ఆవరణం వేడెక్కి ఉబ్బింది. అప్పుడే కక్ష్యలోకి పంపిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 గాలి రాపిడికి కిందికి జారిపోయాయి. 200 కిలోమీటర్ల ఎత్తులో అంత గాలి ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచిస్తే ఆమెకు మూడో గీత దొరుకుతుంది.